పిడికెడు బియ్యము

తెనాలినుండి రేపల్లెకు పోవు రైలుమార్గమున కిరువైపుల నున్న పల్లెలలోగాని, బాపట్ల చుట్టుపట్ల ఇసుకనేలల పాలెములలోగాని, క్రైస్తవ గృహిణి పొద్దుటిపూట వంటకు బియ్యము కొలుచుకొనునప్పుడు చేయు చిన్నపని యొకటి కలదు. చేటలో పోసి, రాళ్లేరి, కడుగబోవుటకు ముందు అందులోనుండి ఒక పిడికెడు తీసి, గూటిలోని డబ్బాలో వేసి, పెదవులు కదలీకదలనట్లు ప్రభువును తలచుకొని, పిమ్మట మిగిలిన బియ్యము ఎసట పోయును. అవి రేషను బియ్యమా, సన్నబియ్యమా యను విచారణ లేదు. ఆ పూట ఇంట ఏవి యుండునో అవియే. ఆదివారమునాటికి డబ్బా నిండిన నిండును, లేకున్న లేదు. ఉన్నంత సంచిలో పోసికొని మందిరమునకు తెచ్చి, కానుకల బల్లయొద్ద గోనెలో కుమ్మరించును. ఆరాధన ముగిసినపిదప ఆ బియ్యమును అచ్చటనే వేలము వేయుటయు, పాడుకొనువారును సంఘములోనివారే యగుటయు, వచ్చిన రూకలు పాస్టరుగారి జీతమునకో మందిరపు కప్పు మరమ్మతునకో పోవుటయు పలుచోట్ల వాడుక.

క్రైస్తవ విశ్వాసము నిత్యజీవనమునకు ఏమి దారి చూపును, ఏమి నిరీక్షణ నిచ్చును అని అడుగువారికి వేదాంతగ్రంథములకంటె ముందు నేనీ డబ్బాను చూపుదును. ఏలయన, ఈ ప్రాంతమున క్రైస్తవునిమీద పడిన మొదటి నింద బియ్యమును గూర్చినదే. హేయరు అయ్యగారు 1842లో గుంటూరునకు వచ్చి లూథరను మిషనునకు పునాది వేసిన తరువాత, తెనాలి రేపల్లె ప్రాంతములలో లూథరనులును, బాపట్లలో అమెరికను బాప్తిస్టులును పనిచేసిన కాలమంతటను, వీరు కూటికొరకు మతము మారినవారను మాట అరుగులమీద వినబడుచునే యుండెను. హేతువాది త్రిపురనేని రామస్వామి చౌదరిగారి సూతాశ్రమమునకు నెలవైన తెనాలిలో ఏ మతస్థుడును ప్రశ్నను తప్పించుకొని తిరుగజాలడు. అది ఆ యూరు చేయు మేలేయని నా అభిప్రాయము. కావున ఈ కూటి నిందకును సమాధానము చెప్పవలసినదే.

ధాత కరవు నాటి మాట. 1876 మొదలు 1878 వరకు నేల బీటలువారి, మాదిగపల్లెలును మాలపల్లెలును ఎండుచున్న దినములలో, ఒంగోలు బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హాము కాలువ త్రవ్వకములో మూడున్నర మైళ్ల పనిని గుత్తకు తీసికొని, కూలి కల్పించి వేలమందిని బ్రతికించెను. ఆ పనులు సాగుచున్నంతకాలము బాప్తిస్మము కోరి వచ్చినవారి నాయన అంగీకరింపలేదు. కరవుపని ముగిసిన పిమ్మట, 1878 జూలై 3వ తేదీన, గుండ్లకమ్మలో ఒక్కదినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. అన్నము పెట్టిన చేతిని జనులు నమ్మిరనుట అబద్ధము కాదు. పస్తులలో పలుకరించినవానిని గాక, పొలిమేరలోనికి రానీయనివానిని నమ్ముదురా? అయినను ఈ జనములోనివాడే, తోళ్లవర్తకుడైన యెర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మము పొందినది 1866లో, అనగా కరవునకు పదియేండ్లు ముందు. ఆనాడు పంచిపెట్టుటకు గంజియు లేదు, గుత్తపనియు లేదు. మనిషిగా పిలువబడవలెనను ఆకలి అన్నపుటాకలికంటె పాతది.

పుచ్చుకొనుటకు వచ్చినవారని పేరుపడిన జనమే పిడికెడు తీసి యిచ్చుటకు అలవాటు పడెను. తినగా మిగిలినది కాదు, తినకముందు తీసినది. దినదినము, పనిలేని దినములలో సైతము. మిజోరాము కొండలలోని క్రైస్తవ స్త్రీలును శతాబ్దికి పైగా ఇట్లే బియ్యము తీసి తమ సంఘములను పోషించుకొనుచున్నారు. ఇందలి మర్మము దాతృత్వమని చెప్పి ఊరకుండుట చాలదు. రేపు వండుకొనుటకు నాకు దొరకునను ధైర్యము లేనివాడు నేడు పిడికెడు తీయజాలడు. బోధకుడు గంటసేపు వివరించు నిరీక్షణను ఆ గృహిణి వ్రేళ్లు క్షణములో ఆచరించుచున్నవి. అంతేకాక, దినమునందలి మొదటి నిర్ణయము తనకొరకు గాక పరులకొరకు చేసిన మనిషికి ఆనాటి తక్కిన నిర్ణయములలో కొన్నియైనను సుగమమగును. దారి చూపుటయన నేనెరిగినంతవరకు ఇదియే.

దీనిప్రక్కన ఇప్పటి స్వస్థత సభల ఫ్లెక్సీలను నిలిపి చూడుడు. అప్పులు తీరును, వీసా వచ్చును, సంతానము కలుగును, విత్తనకానుక వేసిన నూరంతలుగా తిరిగివచ్చును, క్రింద ఫోను నంబరు! పిడికెడు బియ్యము వేసిన స్త్రీ లెక్క అడుగలేదు. ఈ సభలలో లెక్కతప్ప మరియేమియు లేదు. రోగికొరకు ప్రార్థించుటను నేను ఆక్షేపింపను, మంచముప్రక్క మోకరించి ప్రార్థించు సంఘపెద్దలు దొరకుట ఆ యింటి భాగ్యము. బేరమును మాత్రము విశ్వాసమని ఒప్పుకొనజాలను.

1977 నవంబరు 19నాటి ఉప్పెనను రేపల్లె, బాపట్ల తీరములు మరచునవి కావు. ఆనాడు బాపట్లలో గాలివానకు జడిసి ఒక చర్చిలో తలదాచుకొన్నవారిమీద ఆ కట్టడమే కూలి, నూరుమంది వరకు మరణించిరని నాటి వార్త. దేవుని యింట చేరినవారికి దేవుని గోడయే మృత్యువైనది! వారి విశ్వాసము కొరవడినదని చెప్పగల సాహసము నూరంతలు వాగ్దానము చేయు బోధకులలో ఎవనికైన కలదా? ఆ గోడలక్రింద నిలువగల నిరీక్షణ ఒక్కటే: శ్రమ తప్పునని కాదు, శ్రమలో దేవుడు మనుష్యుని విడిచిపోడని. సిలువకు గురియైనవానిని దేవుడని కొలుచు మతము ఇంతకంటె తేలికైన మాట చెప్పినచో తన మూలమునే కాదనుకొన్నట్లు. పునరుత్థాన పండుగనాడు తెలవారకమునుపే శ్మశానమునకు పోయి, సమాధులమీద క్రొవ్వొత్తులు వెలిగించి పాడువారికి ఈ సంగతి నేను చెప్పవలసినది కాదు.

విశ్వాసము చేతికి అధికారము చిక్కినప్పుడు ఏమగునో బాపట్ల ప్రక్కనే యున్న స్టూవర్టుపురము తెలుపును. 1911 నాటి నేరస్థ తెగల చట్టము క్రింద ఎరుకలవారిని అచ్చట కుదిర్చి, 1913 ప్రాంతమున ఆ పాలనమును రక్షణ సైన్యము (సాల్వేషన్ ఆర్మీ) అను క్రైస్తవ సంస్థకు అప్పగించిరి. బాపట్లలో ఎవాంజలీన్ బూత్ కుష్ఠు వైద్యశాల పేర, ఎవ్వరును ముట్టని దేహములను ముట్టినది ఆ సైన్యమే; హాజరుపట్టీ పట్టుకొని పుట్టుకనుబట్టి దొంగలనిపించుకొన్నవారిని లెక్కించినదియు ఆ సైన్యమే. రెండును నిజములు, ఒకదానితో నొకటి చెల్లుకావు. తరువాతి కాలమున, 1970ల దశకములో, అచ్చటివారిని పోలీసు పుస్తకములనుండి తప్పించుటకు పూనుకొన్నవారు ‘క్రీస్తు చరిత్ర’ కర్తయైన జాషువ కవి కుమార్తె హేమలతయు, నాస్తికుడైన గోరాగారి కుమారుడు లవణముగారును. భక్తుని బిడ్డ, నాస్తికుని బిడ్డ ఆలుమగలై ఆ పని చేయుట చూచినచో, మనిషి యింకను మారగలడను నమ్మకమునకు చర్చి ఒక్కటే హక్కుదారు కాదని తెలియును. అది ఒప్పుకొనుటకు క్రైస్తవుడు చిన్నపోవలసిన పని లేదు.

చిన్నపోవలసినది వేరొకచోట నున్నది. పిడికెడు తీయునది స్త్రీ, మోసికొని వచ్చునది స్త్రీ. వేలము పాడించునది పెద్దలు, పద్దు వ్రాయునది కార్యదర్శి, వ్యయమునకు సంతకము చేయునది కమిటీ, వీరందరును సాధారణముగా పురుషులే. కప్పునకు రంగు వేయవలెనా, కౌలురైతు చనిపోయిన యింటి ఆడపిల్లకు నర్సింగు ఫీజు కట్టవలెనా యను ప్రశ్న వచ్చినప్పుడు రంగునకే ఓటు పడుట నేను పెక్కు సంఘములలో చూచితిని. సంఘ నియమావళి యంతయు తిరుగవ్రాయుడని నేను కోరను. రాబోవు సాంవత్సరిక సభలో ఈ యొక్క పద్దును స్త్రీల సమాజమునకు అప్పగించి, దాని వ్యయమును వారినే నిర్ణయింపనిండు. తెనాలివారు మొదలుపెట్టినచో రేపల్లెవారు వెనుకబడుదురని నేననుకొనను. బాపట్లవారు ఇద్దరికంటె ముందు పడినను ఆశ్చర్యము లేదు.