మనోవర్తి బకాయి: వసూలు భారమెవరిది?

వివాహబంధమును న్యాయస్థానము విడదీయగలదు గాని, తండ్రికిని బిడ్డకును గల సంబంధమును ఏ డిక్రీయు తెంపజాలదు. కావుననే బిడ్డకు నెలనెలా చెల్లవలసిన మనోవర్తి, విడిపోయిన భార్యయెడ చూపు దాక్షిణ్యము గాక, తండ్రి తీర్పవలసిన ఋణమై యున్నది. ఐనను ఉత్తర్వు చేతికి వచ్చిన పిమ్మటనైనను సొమ్ము చేతికి రాక, వాయిదా వాయిదాకు నాటి కూలిని పోగొట్టుకొని, బిడ్డను వెంటబెట్టుకొని కుటుంబ న్యాయస్థానముల వరండాలలో నిరీక్షించు తల్లులను చూచినచో, ఆ ఋణమును రాబట్టు భారమును మన సమాజము ఎవరిపై మోపినదో విశదము కాగలదు.

చట్టమున ఉపాయములు లేవనరాదు. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడులోని 125వ సెక్షను, 2024 జూలై 1 నుండి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144వ సెక్షనై నిలిచినది. తగిన కారణము లేక చెల్లింపనివానిపై మేజిస్ట్రేటు జరిమానా వసూలు చేయు రీతిని వారంటు జారీ చేయవచ్చును. అప్పటికిని తీరని బకాయికి నెలకొక నెల చొప్పున ఖైదు విధింపవచ్చును. జరిమానా వసూలనగా చరాస్తి జప్తు మాత్రమే కాదు. భూమిశిస్తు బకాయివలె స్థిరాస్తినుండియు రాబట్టుమని కలెక్టరునకు వారంటు పంపు అధికారము గూడ అందున్నది. పొలమున్న తండ్రి చేత చిల్లిగవ్వ లేదని వాపోవునప్పుడు ఈ అధికారమునే ముందు వినియోగింపవలయును.

కాని ప్రభుత్వమునకు రావలసిన జరిమానాను ప్రభుత్వమే వెంటాడును. బిడ్డకు రావలసిన మనోవర్తిని తల్లియే వెంటాడవలయును. బాకీపడిన ఏడాదిలోపల ఆమె దరఖాస్తు పెట్టనిచో ఆ సొమ్మునకు వారంటు లేదు. ఖైదు ననుభవించినంతమాత్రమున ఋణము తీరదని సుప్రీంకోర్టు 1988లో కుల్దీప్ కౌర్ కేసున స్పష్టముగ చెప్పినది. నిజమే, కాని ఖైదీ జీతము ఆగి, ఉద్యోగమే ఊడినచో బిడ్డకు మిగులునదేమి? అందుచేత ఖైదును కడపటి సాధనముగ నుంచి, జీతమును మూలముననే పట్టుట మేలని నా దృఢవిశ్వాసము.

ఇందుకు మార్గము మన శాసనములలోనే కలదు. 2005 నాటి గృహహింస చట్టము 20వ సెక్షను, చెల్లింపు తప్పినవాని జీతములో కొంత భాగమును నేరుగ బాధితురాలికి చెల్లింపుమని యజమానిని ఆదేశించు అధికారమును మేజిస్ట్రేటునకు స్పష్టముగ నొసగినది. సివిల్ ప్రొసీజర్ కోడు 60వ సెక్షను సాధారణ అప్పులవానికి జీతమున వేయి రూపాయలను, మిగిలినదానిలో మూడింట రెండు వంతులను విడిచిపెట్టగా, మనోవర్తి డిక్రీ విషయమున మూడింట ఒక వంతును మాత్రమే విడిచిపెట్టుచున్నది. బిడ్డ ఆకలి తక్కిన ఋణములకంటె ముందని శాసనకర్తలు గుర్తించిరనుటకు ఇంతకంటె నిదర్శనమేల? ఐనను 144వ సెక్షనులో యజమానిని నేరుగ ఆదేశించు వాక్యమొకటి లేకపోవుట పెద్ద లోపము. 2020 నవంబరు 4న రజనేష్, నేహాల కేసులో సుప్రీంకోర్టు ఉభయపక్షములును ఆస్తి అప్పుల అఫిడవిట్లు దాఖలు చేయవలెనని శాసించినది. ఆ అఫిడవిట్టులోనే యజమాని పేరును, జీతపు మొత్తమును తెలియును గదా! ఉత్తర్వుతో పాటే యజమానికి తాకీదు పంపుటకు ఇంకేమి కావలెను?

తండ్రులందరును నిర్దయులని నేననను. పంట పోయినవానికి, పని పోయినవానికి మొత్తమును తగ్గింపుమని కోరు హక్కును 146వ సెక్షను ఇచ్చుచున్నది. ఆ ద్వారము తట్టక మౌనముగ ఎగవేయుట మాత్రము క్షమార్హము కాదు.

అమెరికాలో జీతమునుండి కోత కోయుట వాడుకైనది. 2,500 డాలర్లకు మించి బాకీపడినవానికి అచట పాస్‌పోర్టు నిరాకరింతురు. అచట స్థిరపడి, ఇచట బిడ్డను మరచిన మన తెలుగువారి విషయమున ఇచటి ఉత్తర్వు సముద్రము దాటుట దుర్ఘటము. 2007 నాటి హేగ్ పోషణ ఒడంబడికలో భారతదేశము చేరలేదు. దానిలో చేరుట కేంద్రప్రభుత్వము చేయవలసిన పని. అంతవరకు వేచియుండనక్కరలేని సవరణము మరొకటి కలదు: మైనరు బిడ్డకు రావలసిన బకాయికి ఆ ఏడాది గడువును తొలగించి, దరఖాస్తు పెట్టు పనిని తల్లి కోరినచో జిల్లా న్యాయసేవాధికార సంస్థకే అప్పగింపవలయును.