నల్లగొర్రె ఉన్నిని పారవేయకండి

ఇబ్రహీంపట్నం చెరువు కట్టవద్దనో, యాచారం వైపు పోవు సాగరు రోడ్డు ప్రక్కనో గొర్రెల మంద కనబడినప్పుడు ఒక్క నిమిషము ఆగి చూడండి. ఒంటినిండ ఉన్నిగల నల్లగొర్రెలు ఎన్ని, ఉన్నిలేని పొడుగుకాళ్ళ నెల్లూరు గొర్రెలు ఎన్ని అని లెక్కపెట్టండి. మన ఉన్ని పని నిలుచునో పోవునో ఆ లెక్కయే చెప్పును.

2019 పశుగణన ప్రకారము తెలంగాణలో సుమారు 1 కోటి 90 లక్షల గొర్రెలున్నవి. గొర్రెల సంఖ్యలో దేశములో మనదే మొదటి స్థానము. 2017లో ప్రారంభమైన పంపిణీ పథకము క్రింద 75 శాతము సబ్సిడీపై 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పెంపకందార్లకు ఇచ్చిరి. ఆ గొర్రెలను ఇతర రాష్ట్రములనుండి కొనితెచ్చిరి. మందలు పెరిగినవి గాని, మన దక్కనీ నల్లగొర్రెకు చోటు తగ్గినది.

నెల్లూరు పొట్టేలును ఎంచుకొన్న పెంపకందారుని తప్పుపట్టలేము. దాని పిల్ల త్వరగా బరువెక్కును, సంతలో మంచి ధర పలుకును. దక్కనీ గొర్రెకు ఏడాదికి రెండుసార్లు కత్తెర వేసినను కిలో ఉన్ని రాదు. కత్తిరించినవానికి ఇచ్చు కూలియైనను గిట్టనప్పుడు ఉన్నిని గట్టుమీద పారవేయుటలో వింత లేదు. ఉన్నికి పని చూపలేకపోవుట మనందరి తప్పు.

ఉన్నికి పని లేదా? ఉన్నిపోగు వంపులు తిరిగియుండును. ఆ వంపుల నడుమ గాలి నిలిచి ఒంటివేడిని కాపాడును. ఉన్ని తన బరువులో సుమారు 30 శాతము తేమను పీల్చుకొనియు తడిసినట్లు తోచదు. నిప్పురవ్వ పడినచో ప్రత్తిగుడ్డవలె భగ్గున మండదు. వానలో గొంగడి కప్పుకొని మంద వెంట తిరిగిన కురుమ సోదరునకు ఈ గుణములను ఒకరు చెప్పనక్కరలేదు. 1924లో ఎవరెస్టు శిఖరము నెక్కబోయిన జార్జి మాలరీ తొడిగిన బట్టలలో ఉన్నివి కలవు. నేడును కొండలెక్కువారు, దూరపు పరుగుల వారు మెరినో ఉన్ని బనియన్లు తొడుగుచున్నారు. టెన్నిసు బంతిపై గుడ్డలోను, పియానో సుత్తులలోను ఉన్ని కలదు.

మన ఉన్ని మెరినో కాదు. మెరినో పోగు తల వెంట్రుకకంటె ఎంతో సన్నము. దక్కనీ ఉన్ని ముతక. దానితో బనియను నేసిన ఒంటికి గరగరలాడును. కాని తివాచీకి, ఆసనమునకు, చేతిసంచికి, చలికోటు పైగుడ్డకు గట్టి పోగే కావలెను. నలుపు పుట్టుకతో వచ్చిన రంగు కాబట్టి అద్దకము ఖర్చు లేదు. హైదరాబాదులో ఎర్తెన్ ట్యూన్స్ అను సంస్థవారు గొంగడి గుడ్డతో రైతులకొరకు బూట్లు తయారుచేసిరి. ఇట్టివారికి శుభ్రమైన ఉన్నియు, నేతగాండ్రును కావలెను.

ఉన్నిని ఏకి, ఆడవారు రాట్నముపై వడికి, పడుగుకు చింతగింజల గంజి పట్టించి, గుంటమగ్గముపై గొంగడి నేయుదురు. ఈ పని తెలిసినవారు ముసలివారగుచున్నారు. మగ్గపు గుంట ఒకసారి పూడినచో మరల త్రవ్వువారుండరు.

కాబట్టి నా మనవి ఇది. మందనంతను మార్చనక్కరలేదు, ఊరికి కొన్ని మందలలోనైనను మంచి దక్కనీ పొట్టేలును నిలుపుకొనండి. అది ఎండకు, దూరపు నడకకు ఓర్చును. కత్తిరింపుకు ముందు గొర్రెలను కడిగి ఆరనిచ్చి, శుభ్రమైన పట్టామీద కత్తిరించండి. పిల్లల మొదటి ఉన్ని మెత్తన. దానిని వేరుగా మూటకట్టండి. నలుపును తెలుపును కలపకండి. ఒక్క సంచికొరకు ఏ వ్యాపారియు ఊరికి రాడు; సహకార సంఘము ద్వారా పది మందల ఉన్ని ఒకచోట చేర్చినచో బేరమాడవచ్చును. ముండ్లు, మట్టి అంటిన చెత్త ఉన్నిని సైతము పారవేయకండి. శుద్ధమైన ఉన్నిలో సుమారు 16 శాతము నత్రజని కలదు. మామిడి, జామ పాదులలో పూడ్చి మన్ను కప్పినచో మెల్లగా కుళ్ళి చెట్టుకు బలమిచ్చును.

గ్రామాధికారులకు కూడ ఒక మాట. హైదరాబాదు పెరిగినకొలది మన బీళ్ళు ఇండ్ల స్థలములగుచున్నవి. మేత లేనిదే మంద లేదు, మంద లేనిదే ఉన్ని లేదు. మిగిలిన మేతభూమిని కాపాడండి. సభలలో సన్మానము చేయునప్పుడు ఎక్కడినుండియో వచ్చిన నైలాను శాలువకు బదులు మన ఊరి గొంగడి కప్పండి. ఆ డబ్బు వడికిన చేతికి, నేసిన చేతికి చేరును.

వచ్చే కత్తిరింపునాడు ఉన్నిని గట్టుమీద వేయబోవు ముందు ఒకసారి చేతిలోకి తీసుకొని చూడండి. మీ తాత దానినే కప్పుకొని వానలు, చలులు గడిపినాడు.