ఆ డబ్బా మనందరం కొనిపిస్తున్నదే

బిడ్డకు ఏడాది నిండగానే మన ఇళ్లలో విచారణ మొదలవుతుంది. "ఏం పెడుతున్నావమ్మా, ఇంత చిక్కిపోయాడు?" అని అత్తగారు అడుగుతుంది, పక్కింటావిడ అడుగుతుంది, పెళ్లిలో కనపడ్డ పెదనాన్న అడుగుతాడు. జవాబు చెప్పాల్సింది మాత్రం తల్లి ఒక్కతే. నలుగురూ అలా అడిగాక ఆమె మందుల షాపుకు వెళ్లి ఏడాది దాటిన పిల్లలకంటూ అమ్మే మూడో నంబరు డబ్బా పాలు తెచ్చుకుంటుంది. నాలుగు వందల గ్రాముల పెట్టె ఖరీదు నాలుగు వందలకు అటూ ఇటూ. రోజుకు రెండుసార్లు కలిపి పడితే వారానికి మించి రాదు. కూలి డబ్బులతో నడిచే ఇంట్లో ఆ సొమ్ము ఎక్కడి నుంచి వస్తుంది? గుడ్లలోంచి, పప్పులోంచి, ఆకుకూరల్లోంచి. బిడ్డకు నిజంగా కావలసినవి మానేసి అక్కర్లేనిది కొంటున్నాం.

అక్కర్లేదన్నది నా సొంత మాట కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మార్గదర్శకాల్లో తేల్చి చెప్పింది: రెండేళ్లూ, ఆ తర్వాతా తల్లిపాలు కొనసాగించండి, ఏడాది దాటాక తల్లిపాలు కాక వేరే పాలు పట్టాల్సి వస్తే మామూలు పశువుల పాలు చాలు, ఆ వయసుకంటూ అమ్మే డబ్బా పాలను మేం సిఫారసు చేయం. ఆవు పాలైనా, గేదె పాలైనా, ప్యాకెట్ పాలైనా కాచి, చల్లార్చి గ్లాసుతో పట్టండి. వెన్న తీసిన పాలు మాత్రం రెండేళ్ల దాకా వద్దు. పాలు పడని పిల్లలు, జబ్బులున్న పిల్లలు వేరు. వాళ్ల సంగతి డాక్టరు చూస్తారు. ఏడాదిలోపు తన పాలు చాలక డబ్బా పట్టిన తల్లిని వేలెత్తి చూపే హక్కూ ఎవరికీ లేదు.

మామూలు పాల మీదా మనకో గుడ్డి నమ్మకం ఉంది, ఎన్ని తాగితే అంత బలమని. అన్నం ముట్టని పిల్లాడికి సీసాడు పాలు పట్టి, హమ్మయ్య కడుపు నిండింది అనుకుంటాం. పాలలో ఇనుము బహు తక్కువ. రోజుకు అర లీటరు దాటి తాగే బిడ్డకు ముద్ద మీద ఆకలి చచ్చిపోతుంది, ఒంట్లో రక్తం తగ్గుతుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లల్లో రక్తహీనత తెలంగాణలో 70 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం. ప్రతి ఇద్దరు పిల్లల్లో సగటున ఒకరికైనా రక్తం చాలని నేల మనది. సిగ్గుపడాల్సిన లెక్క ఇది.

మళ్లీ డబ్బా దగ్గరకు వస్తే, దాని ప్రచారాన్ని అదుపు చేసే చట్టం లేదా అంటే, 1992 నుంచీ ఉంది. 2003లో దాన్ని సవరించి, రెండేళ్లలోపు పిల్లల డబ్బా పాలకూ ఆహారాలకూ ప్రకటనలు, కానుకలు, రాయితీలు నిషేధించారు. డాక్టర్ల సంఘాల సదస్సులకు ఆ కంపెనీలు డబ్బు పెట్టకూడదు. తప్పితే మూడేళ్ల దాకా జైలు, లేదా ఐదు వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఐదు వేలంటే డజను డబ్బాల ధర! కంపెనీలు భయపడతాయా? పైగా రెండేళ్లు దాటిన పిల్లల "ఎదుగుదల" పొడులు చట్టం గీతకు అవతల నిలబడి టీవీలో దర్జాగా పాడుకుంటాయి.

కాబట్టి డాక్టరుగారూ, ఆరోగ్యంగా ఉన్న బిడ్డ చీటీ మీద డబ్బా పేరు రాయకండి. షాపు యజమానీ, అడక్కుండా అది అందించకండి. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతాన్ని "పేదల పిండి" అని ఈసడించుకునే పెద్దమనుషులారా, నోరు అదుపులో పెట్టుకోండి. అందులో చక్కెర తగ్గించమని ప్రభుత్వాన్ని అడిగితే మీ వెంట నేనూ వస్తాను. తండ్రులారా, బిడ్డకు ముద్దలు కలిపి పెట్టే అరగంట మీరూ కూర్చోండి. కూలికి, డ్యూటీకి పరుగెత్తే ఆడమనిషికి దొరకనిది ఆ అరగంటే.

ఈసారి ఏ పిల్లాడైనా చిక్కాడనిపిస్తే తల్లిని నిలదీయకండి. అంగన్‌వాడీకి తీసుకెళ్లి తూకం వేయించండి, ఎదుగుదల చార్టు చూపించమనండి. గీత సరిగ్గా పోతుంటే మీ సలహా మీ దగ్గరే ఉంచుకోండి. పోకపోతే ఆ ఇంటికి నాలుగు గుడ్లు పట్టుకెళ్లండి.