నొప్పి చెప్పుకొను భాష

పరభాషా రాష్ట్రమున నివసించువారి యిక్కట్టులు ఈ పత్రిక చదువరులకు క్రొత్తవి కావు. 1936లో ఒరిస్సా వేరుపడినది మొదలు మన పిల్లలకు తెలుగు బడి కావలెనని అడుగుచునే యున్నాము. అట్టి మనము, మనకంటె ముందునుండి ఈ కొండలలో నున్న సవర, కోదు బిడ్డల కష్టమును గమనించితిమా?

ఇటీవల ఒక ఆసుపత్రిలో మేము చూచిన సంగతి ఇది. ఏడేండ్ల సవర బాలుడు కాళ్ల నొప్పితో మంచముపై ముడుచుకొని యుండెను. వాని అవ్వను వెలుపలికి పంపిరి. అడిగినదానికి బాలుడు బదులు చెప్పలేదు, ఏడ్వనులేదు. "నొప్పి యున్నచో ఏడ్వడా?" అని మరియొక రోగి యొద్దకు పోయిరి. సాయంకాలము అవ్వ లోనికి రాగానే వాడు భోరున ఏడ్చెను.

గిరిజనులలో కొడవలికణ వ్యాధి హెచ్చు. రక్తకణములు కొడవలి రూపము దాల్చి సన్నని నాళముల నడ్డగింపగా ఎముకలలో దుర్భరమైన నొప్పి పుట్టును. పసివారికి చేతులు, పాదములు వాచును. 2023లో కేంద్ర ప్రభుత్వము దీని నిర్మూలనకు కార్యక్రమ మారంభించినది. రక్తపరీక్ష వ్యాధిని తెలుపును గాని, నొప్పి యెంతయో తెలుపదు. అది బిడ్డయే చెప్పవలెను.

న్యూజీలాండులో ఇరిహపేటి రామ్స్‌డెన్ అను మావోరి నర్సు ఈ విషయమై పాటుపడెను. చికిత్స తన ఆచారమునకు, గౌరవమునకు భంగము కలిగింపలేదని చెప్పవలసినవాడు రోగియే గాని వైద్యుడు కాడని ఆమె వాదము. 1992లో అచ్చటి నర్సుల మండలి దానిని శిక్షణలో చేర్చినది.

ఉన్న వైద్యులే కొలది. వారు ఇన్ని భాషలు నేర్తురా యని కొంద రందురు. వైద్యుడు నేర్వనక్కరలేదు. ఆ భాష తెలిసిన స్థానికురాలి నొకతెను పిల్లల వార్డులో నియమించిన చాలును. తల్లినో అవ్వనో మంచము కడ నుండనీయవలెను. మెడలోని తాయెత్తును చూచి నవ్వరాదు. 2007 నుండి ఒడిశాలో కొన్ని బడులయందు సవర, కుయి మొదలగు భాషలలో చదువు చెప్పుచున్నారు. బడికి తగిన న్యాయము ఆసుపత్రికి తగదా?

మనవారికిని ఇందు బాధ్యత కలదు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగ నుండిన గిడుగు రామమూర్తి పంతులుగారు సవరభాష నేర్చి, వారికి బడులు పెట్టి, నిఘంటువు కూర్చిరి. మేమును వర్తకులమే. గుణుపురము సంతలో చింతపండు ధర యడుగుటకు మాకు సవర మాటలు వచ్చును; "ఎచ్చట నొప్పి?" యని యడుగుటకు రావని ఆనాడు ఆ మంచము కడ తెలిసినది. సిగ్గుపడితిమి.

కావున వచ్చు సర్వసభ్య సమావేశమున, తెలుగు బడుల తీర్మానముతోబాటు, పిల్లల వార్డులలో గిరిజన భాషలు తెలిసినవారిని నియమింపవలెనని ప్రభుత్వమును కోరు తీర్మానమునుగూడ ప్రతిపాదింపనున్నాము. సభ్యులు బలపరుప ప్రార్థన. ఇతరుల బిడ్డకు మనము కోరని హక్కును మన బిడ్డకు కోరుట న్యాయము కాదు.