సృజనకి కూడా గైడేనా?

భాష క్లాసంటే పిల్లలకి ఆసక్తి పుట్టాలంటే "క్రియేటివ్ యాక్టివిటీస్" పెట్టాలట. ఈ మాట ఎప్పుడు విన్నా నాకు ఒళ్ళు మండుతుంది. యాక్టివిటీస్ మీద కోపం కాదండోయ్, వాటిని చేదు మాత్రకి పూసే పంచదారలా వాడటం మీద. చార్టు మీద బొమ్మ అంటించు, రంగులు వెయ్యి, ఆనక మళ్ళీ ప్రతిపదార్థం బట్టీ పట్టు. ఇదీ వరస.

పోనీ పుస్తకాల్లో సృజన లేదా అంటే, ఉంది. 2010ల్లో మారిన తెలుగు వాచకాల్లో "వ్యక్తీకరణ - సృజనాత్మకత" అని ఏకంగా ఓ శీర్షికే పెట్టారు. కథ రాయండి, సంభాషణ రాయండి, లేఖ రాయండి అంటారు. బాగానే ఉంది. మరి గైడువాళ్ళు తక్కువ తిన్నారా? ఆ కథకీ, ఆ సంభాషణకీ కూడా జవాబు అచ్చేసి పెట్టారు! అమలాపురం కుర్రాడూ, అనకాపల్లి పిల్లా ఒకే "సొంత" కథ రాస్తారు. మన భాషలో కంట్రోల్ సీ, కంట్రోల్ వీ.

అందుకే నాదో చిన్న టెస్టు కేసు. గైడువాడు జవాబు ముందే అచ్చెయ్యగలిగితే అది సృజన కాదు. అంతే.

కోనసీమలో ఈ టెస్టు పాసయ్యే ప్రశ్నలకి కొదవా? కనుమ నాడు జగ్గన్నతోట తీర్థానికి గంగలకుర్రు ప్రభని కౌశిక దాటిస్తుంటే, మోసేవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు ఏమని కేకలేసుకుంటారో సంభాషణగా రాయమనండి. 1996 నవంబరు 6 తుఫాను రాత్రి ఎక్కడ తలదాచుకుందో నాయనమ్మనడిగి, ఆవిడ మాటల్లోనే రాసుకు రమ్మనండి. కొబ్బరి దింపు తీసే మనిషి దగ్గర ఆ పనికి సంబంధించిన మాటలో పది పోగేసుకు రమ్మనండి. ఏ గైడులో దొరుకుతాయివి? నాయనమ్మ కథ చదువుతుంటే క్లాసంతా చెవులు రిక్కించి వింటుంది చూడండి, ఆ పిల్లకి అంతకన్నా వేరే తాయిలం ఎందుకు?

మామిడికుదురులో పుట్టిన బోయి భీమన్న గారి 'పాలేరు' నాటకం సంగతి తెలిసిందే. పాలేరు కుర్రాడు చదువుకుని అధికారి అవుతాడు. అది చూసి పిల్లల్ని పని మాన్పించి బడికి పంపిన దళిత కుటుంబాలు ఎన్నో అని పెద్దలు చెప్తారు. చూశారా, అక్కడ నాటకం చదువుకి పూసిన పంచదార కాదు, బడికి దారే అది. ఇవాళ ఆ నాటకం గురించి చెప్పి "రచయితను గూర్చి ఐదు వాక్యాలు రాయుము" అంటే ఏం లాభం? "మీ ఊళ్ళో ఇవాళ ఆ పాలేరు ఎవరు? రొయ్యల చెరువు కాపలా కుర్రాడా? ఒక సీను రాయండి" అని అడిగి చూడండి.

"నలభై మంది రాస్తే ఎవరు దిద్దుతారండీ?" అంటారు మాష్టార్లు. న్యాయమైన ప్రశ్నే. అన్నీ దిద్దక్కర్లేదు. వారానికి ఐదుగురు చదవాలి, మిగతావాళ్ళు ప్రశ్నలడగాలి. మనం ఆఫీసులో చేసే కోడ్ రివ్యూ లాంటిదే. ఇక మార్కులంటారా.. ఇంటర్లో స్కోరింగు సబ్జెక్టని సంస్కృతం తీసుకుని తొంభైలు కొట్టినవాళ్ళు మన ఆఫీసుల్లో బోలెడుమంది. ఒక్క శ్లోకం చెప్పమనండి చూద్దాం!

ఇదేదో సాహిత్యాభిమానుల ముచ్చట అనుకోకండి. ఇంట్లో మాట్లాడే మాటకి కాగితం మీద చోటు లేదని బడిలో నేర్చుకున్న పిల్ల, రేపు పెద్దయ్యాక తాసిల్దారు ఆఫీసులో ఇచ్చే అర్జీ కూడా ఎవరి చేతనో డబ్బులిచ్చి రాయించుకుంటుంది. తన కష్టం తన మాటల్లో చెప్పుకోలేకపోవడం కన్నా పేదరికం ఏముంది?

ఆన్‌సైటు నుంచి ఊరొచ్చి బడికి ప్రొజెక్టరిచ్చి ఫొటో దిగే అన్నలూ, అక్కలూ.. ప్రొజెక్టరు మంచిదే, కాదనను. ఈసారి మాత్రం అందులో సగం డబ్బు పెట్టి పిల్లలు రాసినవి అచ్చు వేయించండి. బడికో ప్రతి, రాసిన ప్రతి పిల్లాడి ఇంటికో ప్రతి. గైడువాడి బేరం దెబ్బతింటే తిననివ్వండి.