పాట ముందు, పైకం వెనక

పాత రాక్ రికార్డుల మోజు మళ్లీ వచ్చింది. ఎప్పుడో అటకెక్కిన వినైల్ ఎల్పీలు 2022లో అమెరికాలో సీడీల కంటే ఎక్కువగా అమ్ముడయ్యాయి. 1987 తర్వాత ఇదే తొలిసారి. చందా కడితే నెలకో రికార్డు ఇంటికి పంపే క్లబ్బులూ తిరిగి పుట్టుకొచ్చాయి. క్లబ్బు ముద్ర ఉన్న పాత ప్రతి, అందులోనూ కచేరీలో రికార్డు చేసిన ‘లైవ్’ ఆల్బమ్ దొరికితే సేకరించేవారికి పండగే. ఏ ముద్రణ, అట్టపెట్టె నలిగిందా అని ఆరా తీస్తారు. అడగాల్సిన ప్రశ్న ఇంకొకటుంది. ఆ రికార్డు డబ్బు ఎవరికి చేరింది?

క్లబ్బుల సంగతే తీసుకోండి. కొలంబియా కంపెనీ 1955లో అమెరికాలో రికార్డు క్లబ్బు ప్రారంభించింది. చేరినవారికి కొన్ని రికార్డులు దాదాపు ఉచితం. ఆ తర్వాత వద్దని ఉత్తరం రాయకపోతే రికార్డూ, దాంతోపాటు బిల్లూ వచ్చేవి. ఇలాంటి అమ్మకాలపై కళాకారులకు మామూలు రాయల్టీలో సగమే దక్కడం రివాజు. ఉచిత ప్రతులపై తరచూ అదీ లేదు. శ్రోతకు చౌక, గాయకుడికి కోత.

అన్నార్తుల కోసం చేసిన రికార్డుకూ లెక్కల చిక్కు తప్పలేదు. ‘ది కాన్సర్ట్ ఫర్ బంగ్లాదేశ్’ అందుకు సాక్ష్యం. కుమ్హారి నుంచి చూస్తే అది న్యూయార్క్ కథ మాత్రమే కాదు. భిలాయ్ ఉక్కు కొలుములకూ రాయ్‌పూర్‌కూ నడుమ ఉన్న ఈ ఊరికి మానా ఎంతో దూరంలో లేదు. తూర్పు పాకిస్తాన్ శరణార్థులకు 1964 నుంచి మానాలో శిబిరాలు ఉండేవి. 1971లో భారత్‌కు వచ్చిన దాదాపు కోటి మందిలో కొందరిని అక్కడికే తరలించారు. పని కోసం వచ్చిన తెలుగువారికి భిలాయ్ నీడనిస్తే, ప్రాణాలు దక్కించుకుని వచ్చిన బెంగాలీలకు మానా ఆసరా అయింది.

ఆ జనం కోసం పండిట్ రవిశంకర్ సాయం అడిగితే బీటిల్స్ మాజీ సభ్యుడు జార్జ్ హారిసన్ ముందుకొచ్చారు. 1971 ఆగస్టు 1న మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో రెండు ప్రదర్శనలు, సుమారు 40 వేల మంది శ్రోతలు. సితార్, సరోద్, తబలాలతో మొదలైన వేదికపైకి ఎరిక్ క్లాప్టన్, బాబ్ డిలాన్ వచ్చారు. టికెట్ల సొమ్ము దాదాపు 2.43 లక్షల డాలర్లు కొద్ది రోజుల్లోనే యునిసెఫ్‌కు అందింది. మూడు ఎల్పీల పెట్టె మాత్రం కంపెనీల బేరసారాల్లో ఇరుక్కుంది. డిసెంబరులో అది అమెరికా దుకాణాలకు వచ్చేసరికి ఢాకాలో పాక్ సైన్యం లొంగిపోయింది.

అసలు దెబ్బ పన్నుల వైపు నుంచి తగిలింది. పన్ను మినహాయింపు కోసం కచేరీకి ముందే దరఖాస్తు చేయకపోవడంతో రాబడిలో అధిక భాగం అమెరికా పన్నుల శాఖ దగ్గర ఏళ్ల తరబడి నిలిచిపోయింది. బ్రిటన్ ఖజానా కూడా కొనుగోలు పన్ను వదులుకోలేదు. 1973లో ఉత్తమ ఆల్బమ్‌గా గ్రామీ వచ్చింది. 80 లక్షల డాలర్లకు పైగా సొమ్ము విడుదలైంది మాత్రం 1980ల ఆరంభంలో. అప్పటికి 1971 శరణార్థుల్లో అత్యధికులు స్వదేశం చేరి పదేళ్లయింది.

దీన్ని వైఫల్యమనడం తొందరపాటే. యుద్ధం ముగిసినా బంగ్లాదేశ్ పిల్లల ఆకలి తీరలేదు, ఆలస్యంగా వచ్చిన డబ్బూ అవసరమే. పైగా 1985 నాటి లైవ్ ఎయిడ్ లాంటి కచేరీలకు దారి చూపింది ఇదే. కానీ జాలి ఒక్క సాయంత్రంలో పోగవుతుంది, దాన్ని అన్నంగా మార్చే కాగితాలను ముందే సిద్ధం చేసుకోవాలి. ఆ పాత పెట్టె చేతికి చిక్కినవారు రికార్డుపై గీతలున్నాయేమోనని చూసుకోవడంలో తప్పులేదు. అట్ట మీద ఖాళీ గిన్నె దగ్గర కూర్చున్న పసిబిడ్డనూ ఒకసారి చూడాలి. రికార్డు తీసింది ఆ బిడ్డ కోసం.