పచ్చదనమొక్కటే ప్రాణలక్షణమా?

తులసి రసం తీయబోయే గృహిణి ఆకు పచ్చగా ఉన్నదా లేదా అని చూస్తుంది. అది సహజమే. కాని పచ్చదనమొక్కటే ఆకు ఆరోగ్యానికి సాక్ష్యం కాదు. స్వరసానికి వాడే మూలిక అప్పటికప్పుడు కోసినదై, ఏ విధంగానూ చెడనిదై ఉండాలని శార్ఙ్గధర సంహిత నియమించినది. మొదటి నియమాన్ని మనం కొంతవరకు పాటిస్తున్నాము. రెండవదానిని మాత్రం కంటిచూపుకే వదలివేశాము.

తెగులు సోకిన ఆకులో మచ్చ కనబడక ముందే కొన్ని కణాలు మరణించవచ్చు. వీటిని గుర్తించడానికి శాస్త్రజ్ఞులు ట్రిపాన్ బ్లూ అనే రంగును వాడుతారు. మృతకణాలు నీలమవుతాయి, కాని ఆ పరీక్షతో ఆకు పని ముగుస్తుంది. ప్రతిదీప్తి చిత్రణంలో ఆ నష్టం లేదు.

పత్రహరితం తాను గ్రహించిన వెలుతురులో నూటికి ఒకటి రెండు పాళ్ళను ఎర్రని కాంతిగా తిరిగి వెలువరిస్తుంది. ఇదే ప్రతిదీప్తి. చీకటిలో ఉంచిన ఆకుపై వెలుగు పడగానే ఇది హెచ్చి, పిదప తగ్గుతుందని 1931లో జర్మనీలో కౌట్‌స్కీ, హిర్ష్ అనేవారు ప్రకటించారు. నేడు ఆకును సుమారు 20 నిమిషాలు చీకటిలో ఉంచి, క్షణకాలం తీవ్రమైన వెలుగు ప్రసరింపజేసి, ఈ కాంతి ఏ వంతున పెరిగినదో కెమెరాతో ఆకు అంతటా కొలుస్తారు. ఆరోగ్యవంతమైన ఆకులో ఆ నిష్పత్తి 0.83 దరిదాపుల ఉంటుంది. కణాలు మరణించే చోట పడిపోతుంది. ఆకులో ఎంత భాగం నశించినదో లెక్కకట్టి, అదే ఆకును మరునాడు మరల పరీక్షించవచ్చును.

అయితే దీనిని దివ్యదృష్టిగా భావించరాదు. తీవ్రమైన ఎండ, చలి వలన కూడా ఈ సంఖ్య తగ్గవచ్చు. ఆకులోని ఔషధగుణాన్ని గాని, పురుగుమందుల అవశేషాలను గాని ఇది తెలుపదు. ఎండబెట్టి చూర్ణం చేసే ఆకులకు దీనితో పనిలేదు.

అయినప్పటికీ, స్వరసాలు తయారుచేసే ఔషధశాలలు, ఆయుర్వేద కళాశాలల మూలికావనాలు ఈ పరీక్షను స్వీకరించాలని మా అభిప్రాయం. "చెడనిది" అన్న శాస్త్రవాక్యానికి ఇది ఒక కొలతను సమకూర్చుతుంది. కొలత లేనిచోట రోగి వర్తకుని మాటనే నమ్ముకోవలసి వస్తుంది.

ఇక గృహస్థులకు కెమెరాతో నిమిత్తం లేదు. పెరటి మొక్కనుండి మచ్చలేని ఆకును కోసి, శుభ్రంగా కడిగి, వెంటనే రసం తీయండి. నీళ్ళు చల్లి పచ్చగా నిలిపిన బజారు ఆకును చూచి మోసపోకండి.